ఆశా కార్యకర్తకు అండగా ఒక ట్రస్టు కావాలి: ఎస్వీ మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థులకు బహిరంగ లేఖ

తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలలో చదువుకుని, ఈరోజు దేశంలోనూ విదేశాల్లోనూ స్థిరపడిన డాక్టర్లందరికీ నమస్కారం.

నేను చిత్తూరు జిల్లాలో ఏఎన్‌ఎంగా ఉద్యోగంలో చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా రిటైరైనదాన్ని. మీలో చాలామంది హౌస్‌సర్జన్లుగా పల్లెటూరి పోస్టింగుకు వచ్చినప్పుడు మీ వెంట ఊళ్లోకి నడిచినవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటారు. ఆ చనువుతోనే రాస్తున్నాను. ఏ ఒక్కరికో కాకుండా అందరికీ కలిపి రాయడానికి కారణం, ఇది ఒక్కరి చేతిలో అయ్యే పని కాకపోవడమే.

మీరు సొంతూరికి వచ్చినప్పుడల్లా "మన జిల్లాకు ఏదైనా చేయాలమ్మా, ఏం చేస్తే బాగుంటుంది?" అని అడుగుతుంటారు. మనస్ఫూర్తిగానే అడుగుతారని నాకు తెలుసు. జవాబుగా ఒకరు వార్డుకు గది కట్టించమంటారు, ఇంకొకరు స్కానింగ్ మిషన్ కొనివ్వమంటారు, లేదంటే ఆదివారం పూట మెడికల్ క్యాంపు పెట్టమంటారు. అవన్నీ అవసరమే. కానీ నా ఉద్యోగ జీవితంలో చూసినదాన్ని బట్టి, మీ డబ్బూ మీ చదువూ మీ పలుకుబడీ అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ఆశా కార్యకర్తల దగ్గర. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆశాలకు అండగా ఉండడమే పనిగా పెట్టుకున్న ట్రస్టు ఒకటి మీరు మొదలుపెట్టాలి. ఈ లేఖంతా ఆ కోరిక గురించే.

ఇలాంటి సంస్థలు ప్రపంచంలో కొత్తేమీ కాదు. అవి ఎక్కడ, ఎలా పుట్టాయో చూస్తే మనం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. అందుకే ముందు వాటి సంగతి చెబుతాను.

రాజ్ పంజాబీ అనే డాక్టరు పేరు మీలో అమెరికాలో ఉన్నవాళ్లు వినే ఉంటారు. ఆయన తల్లిదండ్రులు మన దేశం నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాకు వలస వెళ్లినవాళ్లు. ఆయన పుట్టింది లైబీరియాలోనే. 1989 చివర్లో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. 1990లో, ఆయనకు తొమ్మిదేళ్లున్నప్పుడు, ఆ కుటుంబం సరుకుల విమానమెక్కి దేశం వదిలేసింది. చివరికి అమెరికాలోని నార్త్ కరోలినాలో స్థిరపడింది. ఆయన అక్కడే మెడిసిన్‌లో చేరారు. 2005లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, పుట్టిన దేశాన్ని చూడడానికి తిరిగి వెళ్లారు. దాదాపు 40 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో అప్పటికి మిగిలిన డాక్టర్లు 51 మంది. మిగతావాళ్లు యుద్ధంలో పోయారు, లేదా ఆయన కుటుంబంలాగే వెళ్లిపోయారు.

2007లో ఆయన, ఆయన భార్య, యుద్ధాన్ని తట్టుకుని నిలిచిన లైబీరియా ఆరోగ్య కార్యకర్తలు, కొందరు అమెరికా మిత్రులు కలిసి ఒక చిన్న సంస్థ పెట్టారు. పెట్టుబడి తమ పెళ్లికి కానుకలుగా వచ్చిన 6,000 డాలర్లు. మొదట్లో దాని పేరు తియాతియెన్ హెల్త్. ఇప్పుడు లాస్ట్ మైల్ హెల్త్ అంటున్నారు. మొదలుపెట్టిన పని కూడా చిన్నదే. దేశం తూర్పు వైపున జ్వెడ్రు అనే పట్టణంలో హెచ్‌ఐవీ రోగులకు మందులు ఇప్పించడం, వాళ్లు మధ్యలో మానేయకుండా ఇంటికెళ్లి చూసుకునే స్థానికులను పెట్టడం. అలా చేస్తుంటే వాళ్లకు అసలు కష్టం అర్థమైంది. ఆసుపత్రి ఉన్న పట్టణంలోనే ఇంత ఇబ్బందిగా ఉంటే, అడవి లోపలి పల్లెల్లో బిడ్డకు జ్వరం వస్తే ఏమిటి దారి?

2012లో కొనోబో అనే అడవి ప్రాంతానికి వెళ్లారు. పల్లెల్లోంచే మనుషులను ఎంచుకున్నారు. మలేరియా పరీక్ష చేయడం, న్యుమోనియా గుర్తుపట్టడం, విరేచనాలకు మందివ్వడం నేర్పారు. వీపున తగిలించుకునే సంచిలో మందులు పెట్టిచ్చారు. అందరూ వదిలేసే రెండు పనులు కూడా చేశారు. ఆ కార్యకర్తలకు జీతం ఇచ్చారు. వాళ్ల వెనుక ఒక నర్సును పెట్టారు. ఆ నర్సు పల్లెకే వెళ్లి, కార్యకర్తతో పాటు ఇళ్లు తిరిగి, తెలియనిది నేర్పి, అయిపోయిన మందులు నింపి వచ్చేది. నేను పర్యవేక్షకురాలిగా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, ఆ రెండో పని లేకపోతే మొదటిది నిలబడదు.

2014లో ఎబోలా వచ్చింది. ఒక్క లైబీరియాలోనే 4,800 మందికి పైగా చనిపోయారు. కొత్తవాళ్లను ఊళ్లోకి రానివ్వని ఆ భయంలో జనం నమ్మింది తమ మధ్య తిరిగే మనిషినే. అప్పుడు ప్రభుత్వానికీ విషయం అర్థమైంది. 2016లో లైబీరియా ప్రభుత్వమే జాతీయ కార్యక్రమం ప్రకటించింది. ఆసుపత్రికి 5 కిలోమీటర్ల కంటే దూరంగా ఉన్న ప్రతి పల్లెకూ శిక్షణ, జీతం ఉన్న ఆరోగ్య సహాయకులు ఉండాలన్నది దాని లక్ష్యం. పెళ్లి కానుకల డబ్బుతో మొదలైన సంస్థ తొమ్మిదేళ్లలో ఒక దేశపు విధానంలోకి చేరింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ సంస్థ తన సొంత ఆసుపత్రులు కట్టుకుంటూ పోలేదు. ప్రభుత్వంతో కలిసి పనిచేసి, చేసి చూపించినదాన్ని ప్రభుత్వం చేతికే అప్పగించింది.

ఆఫ్రికా సంగతి మనకెందుకని మీలో ఎవరికైనా అనిపిస్తే, వేలూరు కథ వినండి. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. పెద్ద జబ్బు చేస్తే అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి పోని కుటుంబం మన జిల్లాలో అరుదు. ఆ కాలేజీలోనే చదువుకున్న డాక్టరు దంపతులు రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే. ఇద్దరూ అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి, 1970లో మహారాష్ట్రలో ఎప్పుడూ కరువుతో ఉండే జామ్‌ఖేడ్‌కు వెళ్లారు. మొదట వాళ్లు కూడా నర్సులను ఊళ్లలో ఉంచి పని చేయించాలనుకున్నారు. అది కుదరలేదు. బయటి నుంచి వచ్చిన చదువుకున్న అమ్మాయి ఆ ఊళ్లో ఒంటరిగా ఉండలేకపోయేది. ఊరివాళ్లూ ఆమెను తమ మనిషి అనుకోలేకపోయేవాళ్లు. అప్పుడు ఊళ్లోంచే ఆడవాళ్లను ఎంచుకున్నారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. చాలామంది దళిత కుటుంబాలవాళ్లు. గర్భిణిని ఎలా చూడాలో, బిడ్డ బరువు ఎలా తూచాలో, విరేచనాలు పట్టుకున్న బిడ్డను ఎలా కాపాడాలో వారం వారం కూర్చోబెట్టి నేర్పారు. కరువులో బోర్లు వేయించేటప్పుడు చేతి పంపులను దళితవాడల్లో పెట్టించారు. నీళ్లు కావాలంటే అందరూ అక్కడికే రావాలి. ఆ నిర్ణయం చదివిన రోజు నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. ఆ దంపతులకు 1979లో మెగసెసే అవార్డు వచ్చింది. 1978లో ఆల్మా-ఆటాలో ప్రపంచ దేశాలన్నీ ప్రాథమిక ఆరోగ్యం గురించి చేసుకున్న తీర్మానం వెనుక ఇలాంటి ఊళ్ల అనుభవం ఉంది.

బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ పుట్టుక కూడా ఒక మనిషి సొంత డబ్బుతోనే. ఫజ్లే హసన్ ఆబెద్ చిట్టగాంగ్‌లో షెల్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. 1970 నవంబరు తుపాను, ఆ వెంటనే 1971 యుద్ధం ఆయన జీవితాన్ని మార్చేశాయి. లండన్‌లోని తన ఫ్లాట్ అమ్మేసి, ఆ డబ్బుతో 1972లో పునరావాస పని మొదలుపెట్టారు. ఆ తర్వాత 1980 నుంచి పదేళ్లపాటు బ్రాక్ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, విరేచనాలైన బిడ్డకు తాగించే నీళ్లు కలపడం ఒక్కటే తల్లులకు నేర్పారు: మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. కోటి ఇళ్లకు పైగా వెళ్లారు. ఇక్కడ నాకు బాగా నచ్చింది జీతం ఇవ్వడానికి వాళ్లు పనిని కొలిచిన పద్ధతి. కార్యకర్త ఎన్ని ఇళ్లు తిరిగిందన్నది చూడలేదు. కొన్ని వారాల తర్వాత వేరే మనిషి వెళ్లి, కొందరు తల్లులను అడిగి, ఎంతమందికి గుర్తుందో చూసి దాన్ని బట్టి ఇచ్చారు. మన దగ్గర రిజిస్టరులో ఎన్ని గళ్లు నిండాయన్నదే లెక్క.

హైతీలో 1987లో మొదలైన పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పాల్ ఫార్మర్, ఆయన మిత్రులు పెట్టిన సంస్థ అది. వాళ్ల తొలి రోజుల్లో క్షయ రోగుల మీద చేసిన ఒక పరిశీలనను ప్రతి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) గోడకు రాసిపెట్టాలని నా కోరిక. రోగులను రెండు బృందాలుగా చూశారు. రెండిటికీ మందులు ఉచితమే. ఒక బృందానికి మాత్రం ఇంటికి వచ్చి చూసే కార్యకర్త, తిండికీ ప్రయాణానికీ కొంత డబ్బు అదనంగా దొరికాయి. ఆ బృందంలో అందరికీ నయమైంది. ఉత్త మందులే దొరికినవాళ్లలో నయమైంది సగానికి కాస్త ఎక్కువ మందికే. మన పాత చిత్తూరు జిల్లాలో, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915 నుంచే క్షయ ఆసుపత్రి ఉంది. మన దేశంలో బీసీజీ టీకా తొలిగా వేసిన చోట్లలో 1948 నాటి మదనపల్లె ఒకటి. అంత చరిత్ర ఉన్న నేల మనది. అయినా ఈరోజుకీ మన పల్లెల్లో టీబీ మందు మధ్యలో మానేసేవాళ్లు మానేస్తూనే ఉన్నారు. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, పనికి పోలేరు, కూలి పోతుంది. ఆ పొద్దు ఇంటికెళ్లి "రా నాయనా, తిని వేసుకో, నేను కూర్చుంటా" అనే మనిషి కావాలి. ఆ మనిషే ఆశా.

మహారాష్ట్రలోని గడ్చిరోలిది కూడా చెప్పి ఈ వరస ఆపుతాను. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో ఆ గిరిజన జిల్లాకు వెళ్లి సెర్చ్ అనే సంస్థ పెట్టారు. పసిబిడ్డలు ఎందుకు చనిపోతున్నారో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశారు. తర్వాత 39 ఊళ్లలో ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చారు. బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, ఒళ్లు చల్లబడకుండా కప్పడం, ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్‌కు సూది మందు ఇవ్వడం దాకా నేర్పారు. వెయ్యి మంది పుడితే నెలలోపు చనిపోయే బిడ్డలు 62 మంది ఉండేవాళ్లు. మూడేళ్లలో అది పాతికకు వచ్చింది. 1999లో ఆ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 2011 నుంచి మన ఆశాలు బాలింత ఇంటికి చేసే సందర్శనలు అక్కడి నుంచి వచ్చినవే. ఆసుపత్రిలో కాన్పయితే ఆరుసార్లు, ఇంట్లో కాన్పయితే ఏడుసార్లు, 42వ రోజు దాకా. బిడ్డకు పాలు పడుతున్నాయా, బొడ్డు మానిందా, డొక్కలు ఎగరేస్తోందా అని చూసి రావాలి. దానికి ఆశాకు వచ్చేది 250 రూపాయలు. ఆరు సందర్శనలకూ కలిపి.

గడ్చిరోలి పని దేశమంతా వచ్చింది. కానీ గడ్చిరోలిలో ఆ ఆడవాళ్ల వెనుక నిలబడ్డ మనుషులు దేశమంతా రాలేదు. నా బాధ అక్కడే.

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వ్యవస్థ మొదలైంది. 2019లో మన రాష్ట్రంలో గౌరవ వేతనం 10,000 రూపాయలకు పెరిగింది. చాలా రాష్ట్రాలతో పోలిస్తే అది మెరుగు. 2025 మార్చిలో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల వరకు పనిలో ఉండే అవకాశం ప్రకటించారు. దీని కోసం ఆశాలు ఎన్ని ఎండల్లో కలెక్టరేట్ల ముందు కూర్చున్నారో నేను చూశాను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షల మంది ఆశాలకు కలిపి అవార్డు ఇచ్చింది. మా పక్క ఊరి ఆశా ఆ వార్త ఫోన్లో చూపించి చాలా సంతోషపడింది. ఆ రోజు ఆమె బీపీ మిషన్‌లో బ్యాటరీలు లేవు.

అసలు లోటు అలాంటి చోట ఉంటుంది. బిడ్డను తూచే త్రాసు ముల్లు ఇరుక్కుని ఉంటుంది. థర్మామీటరు పగిలి ఉంటుంది, కొత్తది వచ్చేదాకా చెయ్యి ఆనించి చూడడమే. యాప్‌లో ఎక్కించాల్సిన వివరాలు రోజురోజుకీ పెరుగుతాయి, సిగ్నల్ మాత్రం ఉండదు. తలకోన వైపు వెళ్లినా, సత్యవేడు అడవి అంచుల్లోకి వెళ్లినా, పులికాట్ నీళ్ల మధ్య పడవలో వెళ్లాల్సిన ఇరకం దీవికి వెళ్లినా మీకు ఇది కనిపిస్తుంది. ఒకసారి నేర్పిన శిక్షణ ఏళ్లు గడిచినా మళ్లీ నేర్పరు. కొత్త జబ్బు, కొత్త సర్వే, కొత్త రిజిస్టరు వచ్చినప్పుడు మాత్రం మీటింగ్ పెడతారు. నగరి, సత్యవేడు వైపు ఇళ్లలో తమిళం మాట్లాడతారు, కుప్పం వైపు తమిళమూ కన్నడమూ. ఆశా చేతికిచ్చే బొమ్మల పుస్తకం మాత్రం తెలుగే. చెరువు గట్ల పక్కన ఉండే యానాదుల గుడిసెలకు వెళ్తే చదవడం వచ్చినవాళ్లే తక్కువ, అక్కడ బొమ్మలే దిక్కు.

రాత్రిపూట కాన్పు కేసు తీసుకుని ఆశా తిరుపతికి వస్తుంది. 108లో గర్భిణితో పాటు ఎక్కేస్తుంది. పెద్ద ఆసుపత్రికి చేరాక గర్భిణిని లోపలికి తీసుకెళ్తారు, ఆశా బయట మెట్ల మీద కూర్చుంటుంది. ఒక ఆసుపత్రిలో మా ఆశాను సెక్యూరిటీ మనిషి "నువ్వెవరు, కేసుకు ఏమవుతావు?" అని గేటు బయటికి పంపించేశాడు. ఆమెకు ఆ గర్భిణి రక్తం ఎంతుందో, ముందు కాన్పులో ఏమైందో, ఏ మాత్ర పడదో అన్నీ తెలుసు. ఆ కాగితం ఆమె చేతిలోనే ఉంది. లోపల డ్యూటీ డాక్టరు అదే ప్రశ్న గర్భిణి అత్తగారిని అడుగుతున్నారు. తెల్లవారాక ఆశా సొంత డబ్బుతో బస్సెక్కి ఊరికి వెళ్లి, ఆ పొద్దే టీకాల పనికి హాజరైంది.

డాక్టరుగారూ, మీలో ఎవరైనా ఆ రాత్రి డ్యూటీలో ఉండి ఉంటే ఆమెను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, ఆ కాగితం తీసుకుని ఉండేవారని నా నమ్మకం. కానీ మీ మంచితనం మీద ఆధారపడకుండా ఒక పద్ధతి ఉండాలి.

ఇలాంటి ప్రయత్నం మన దేశంలో ముందే ఒకసారి జరిగి కూలిపోయిందని చాలామందికి గుర్తులేదు. 1977 అక్టోబరు 2న కేంద్రం ప్రతి ఊరికీ ఒక ఆరోగ్య కార్యకర్తను పెట్టే పథకం మొదలుపెట్టింది. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయలు. ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. కాన్పుల గురించీ బాలింతల గురించీ వాళ్లతో ఏ ఇంట్లో మాట్లాడతారు? వాళ్లకు మందులు సరిగా అందలేదు, అడిగేవాళ్లు లేరు, నేర్పేవాళ్లు లేరు. కొన్నేళ్లకు అది పేరుకే మిగిలింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆనాటి కార్యకర్తలు కొందరు ఊళ్లో ఉండేవాళ్లు. మనుషులు మంచివాళ్లే. వాళ్ల వెనుక ఎవరూ నిలబడలేదు. ఆశా వ్యవస్థ ఆ దారిన పోకూడదనే నా ఆరాటం.

ఇప్పుడు మీరు ఏం చేయగలరో నాకు తోచింది చెబుతాను.

ఒక్క పీహెచ్‌సీతో మొదలుపెట్టండి. రెండు జిల్లాలూ ఒకేసారి చేద్దామని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. కొనోబో ఒక్కటే, జామ్‌ఖేడ్ ఒక్కటే, అక్కడి నుంచే మిగతాదంతా వచ్చింది. జిల్లా వైద్యాధికారిని కలిసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, దూరంగా ఊళ్లున్న పీహెచ్‌సీని ఎంచుకోండి. తిరుపతికి దగ్గరలో ఉన్నది తీసుకుంటే మీరు వచ్చి చూడడానికి సులువే, కానీ అవసరం అక్కడ తక్కువ.

ఆ పీహెచ్‌సీ ఆశాలకోసం ఒక నర్సును పూర్తి జీతంతో పెట్టండి. మీ ట్రస్టులో అత్యంత ముఖ్యమైన మనిషి ఆమే అవుతుంది. ఆమె పని తనిఖీ కాదు. ఒక్కో ఆశా వెంట ఊళ్లోకి వెళ్లి, బాలింత ఇంట్లో కూర్చుని, బిడ్డ ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. 60 దాటితే ఏం చేయాలో అక్కడికక్కడే చెప్పాలి. త్రాసు పాడైతే నెల లోపు కాదు, వారం లోపు కొత్తది చేతికి రావాలి. బ్యాటరీలు, థర్మామీటర్లు, వానకాలానికి మంచి టార్చిలైటు, సంచి. ఇవన్నీ కలిపినా మీరు ఒక ఆపరేషన్ థియేటర్‌కు ఇచ్చే విరాళంలో చిన్న వంతు కూడా కాదు.

మీ చదువు కూడా కావాలి. రాత్రి పదకొండింటికి ఆశా ఫోన్ చేస్తే ఎత్తే డాక్టరు ఒకరుండాలి. మన రాత్రి అమెరికాలో ఉన్న మీకు పగలే కదా! వంతులవారీగా పెట్టుకోండి. ఆమె అడిగేవి పెద్ద ప్రశ్నలు కావు. గర్భిణికి కాళ్లు వాచి తల నొస్తోంది, పొద్దున దాకా ఆగొచ్చా? పసిబిడ్డ కళ్లు పచ్చగా ఉన్నాయి, పసరు పోయించడానికి తీసుకెళ్తామంటున్నారు, ఏం చెప్పాలి? "ఆగొద్దు, ఇప్పుడే 108కి చెప్పు, నేను ఆసుపత్రికి ఫోన్ చేస్తాను" అని మీ నోటి నుంచి ఒక్క మాట వస్తే, ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఆశా మాట వింటారు. మీ చదువుకు ఊళ్లో ఉన్న గౌరవాన్ని కొంచెం ఆమెకు ఇచ్చినట్టవుతుంది. ఆ సలహా ప్రభుత్వ డాక్టరును పక్కనపెట్టేలా ఉండకూడదు. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు ప్రతి ఫోన్ సంగతీ తెల్లారేసరికి తెలియాలి.

మీ పలుకుబడి ఆసుపత్రుల దగ్గర వాడండి. తిరుపతిలోని పెద్ద ఆసుపత్రుల్లో సీనియర్లుగా ఉన్నవాళ్లలో మీ క్లాస్‌మేట్లు ఎందరో. కేసుతో వచ్చిన ఆశాను లోపలికి రానివ్వాలి, ఆమె దగ్గరున్న వివరాలు డ్యూటీ డాక్టరు అడిగి రాసుకోవాలి, రాత్రి తలదాచుకోవడానికి ఒక గది, ఒక బాత్రూమ్ ఉండాలి, డిశ్చార్జి అయినప్పుడు ఆశాకు ఫోన్ వెళ్లాలి. వీటికి డబ్బు కంటే ఎక్కువగా కావలసింది ఒకరు గట్టిగా అడగడం. మీరు అడిగితే కాదనరు.

కొన్ని చేయవద్దని కూడా అడుగుతాను. ఆశాలకు పోటీగా మీ సొంత కార్యకర్తలను పెట్టవద్దు. ఒకే ఊళ్లో రెండు సంచులు తిరిగితే ఊరు రెండిటినీ నమ్మదు. బ్రాక్‌లో నేర్పాల్సింది ఒక్కటే కాబట్టి అలా కొలిచి ఇవ్వడం కుదిరింది; ఆశా చేసే పనులు చాలా, అందుకే చేసిన పనికి ఇంత అని లెక్కగట్టి డబ్బు ఇవ్వవద్దు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో కూడా ఇదే ఉంది: కార్యకర్తకు సరైన జీతం, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, పూర్తిగా పనికి ముడిపెట్టిన డబ్బు మీద ఆమెను బతకనివ్వకూడదు. లెక్కకు డబ్బు వచ్చే పనులు జరుగుతాయి, లెక్కలోకి రాని ముసలమ్మ పుండుకు కట్టు కట్టడం ఆగిపోతుంది. మహిళా దినోత్సవం నాడు శాలువా కప్పి ఫొటో తీసుకోవడంతో ఆగిపోవద్దు. కొత్త యాప్ తయారు చేయించి ఇవ్వవద్దు, దయచేసి. ఉన్న యాప్‌లే వాళ్ల కంటి చూపు తింటున్నాయి.

ఇంకొకటి, అన్నిటికంటే పెద్దది. కనీసం ఐదేళ్లకు సరిపడా డబ్బు, మనుషులు ముందే చూసుకుని మొదలుపెట్టండి. రెండేళ్లు ఉత్సాహంగా చేసి ఆగిపోయిన కార్యక్రమాలను మా ఊళ్లు చాలా చూశాయి. మీరు వెళ్లిపోయాక జవాబు చెప్పుకోవాల్సింది ఆ ఊళ్లోనే ఉండే ఆశా. "ఆ నర్సమ్మ రావడం లేదేంటి, ఫోన్ ఎత్తడం లేదేంటి?" అని ఆమెనే అడుగుతారు.

ట్రస్టు బోర్డులో ఆశాలు ఉండాలి. ఒక్కరిని పేరుకు కూర్చోబెట్టడం చాలదు, కనీసం మూడో వంతు. చెక్కు మీద సంతకం చేసేవాళ్లలో ఒకరు ఆశా అయితే మరీ మంచిది. లైబీరియాలో ఆ సంస్థను మొదలుపెట్టినవాళ్లలో అక్కడి కార్యకర్తలు కూడా ఉన్నారన్నది మరచిపోకండి. ఊరి పేరు, దారి, ఏ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసినవాళ్లు వాళ్లే. యూనియన్‌లో ఉన్న ఆశాను తీసుకోవడానికి భయపడవద్దు. తనవాళ్ల కోసం ఎండలో కూర్చున్న మనిషి ఊరి కోసమూ నిలబడుతుంది.

మీరందరూ ఉద్యోగాలు వదిలి తిరిగి వచ్చేయమని నేను అడగడం లేదు. అరోలే దంపతులు వచ్చారు, బంగ్ దంపతులు వచ్చారు, అది వాళ్ల దారి. మీకు కుటుంబాలున్నాయి, పిల్లల చదువులున్నాయి. మీరున్న చోటి నుంచే చేయగలిగినదే అడుగుతున్నాను. ఏడాదికి ఒకసారి వచ్చినప్పుడు రెండు రోజులు ఊళ్లో తిరగండి, చాలు.

మీలో కొందరికి ఈ లేఖ కొంచెం కటువుగా అనిపించవచ్చు. పెద్దవాళ్లకు చెప్పేంతటిదాన్ని కాదు. కానీ మీ చేతి వ్రాతలు దిద్దుకుంటూ, మీరు రాసిన మందులు ఊళ్లకు మోసుకెళ్లిన మనిషిగా నాకు కొంత హక్కు ఉందనుకుంటున్నాను.

ప్రతి పీహెచ్‌సీలో నెలకొకసారి ఆశా డే జరుగుతుంది. ఆ పీహెచ్‌సీ పరిధిలోని ఆశాలందరూ ఆ రోజు వస్తారు. మీరు ఈసారి ఊరికి వచ్చేటప్పుడు ఆ తేదీ కనుక్కుని టిక్కెట్టు బుక్ చేసుకోండి. ముందుగా మెడికల్ ఆఫీసరుకు చెప్పి వెళ్లండి. వేదిక మీద కూర్చోకండి, ఆశాల పక్కన కుర్చీలో కూర్చోండి. సంచి తెరిచి చూపించమనండి. ఏం పనిచేస్తోంది, ఏం పనిచేయడం లేదు, పోయిన నెలలో ఏ కేసు దగ్గర భయపడ్డారు అని అడిగి రాసుకోండి. ట్రస్టుకు మొదటి ఏడాది ఏం కావాలో ఆ కాగితం మీదే ఉంటుంది. మీతో రావడానికి, ఊళ్లు చూపించడానికి నేనూ నాతో పనిచేసి రిటైరైన ఇంకొందరూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
రిటైరైన ఆరోగ్య పర్యవేక్షకురాలు,
చిత్తూరు జిల్లా